చెయ్యి పెట్టి చూడమంటే

పోయిన నెల వనపర్తి బైపాసు మీద, చక్రాల అమరికను కంప్యూటర్‌లో చూసే ఒక దుకాణంలో, నా కొడుకు వయసు కూడా లేని ఒకడు తెర మీది పచ్చ అంకెల వైపు ఒకసారి, నా వైపు పైనుంచి కిందికి ఒకసారి చూసి, నా కారులో ఏ దోషమూ లేదని తేల్చేశాడు.

"బండి మంచిగనే ఉంది పెద్దాయనా. నీ చేతులే వణుకుతున్నయి. ఇగ డ్రైవర్ను పెట్టుకో."

వెనక టైర్లకు గాలి కొడుతున్న ఇద్దరు నవ్వారు. వాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి, ఇంకో పదేళ్ల తర్వాత చూపించమన్నా చూపిస్తాను. కానీ నాకు తగిలింది వాళ్ల నవ్వు కాదు. గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా ఆవిడ ఆ మాట విని, తల కొంచెం వంచి, నా చేతుల వైపు చూసింది.

రెండు వారాలుగా బండి ఎడమకు గుంజుతోంది. పెబ్బేరు దాటి పెద్ద రోడ్డెక్కితే స్టీరింగు చేతిలో సన్నగా అదురుతోంది, గుంతలో పడితే ముందు నుంచి టక్కుమని చప్పుడు. ఎడమ ముందు టైరును ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు జీపు నడిపినవాణ్ణి, దీని పేరేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. టై రాడ్ ఎండ్లు అరిగాయి. అదే మాట వాడికి చెప్పాను. వాడు తెర చూపించాడు.

తిరిగి వస్తుంటే మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అంది, ఆదివారం గద్వాలలో తమ్ముడి ఇల్లు చూడటానికి పోవాలి కదా, వాణ్ణే రమ్మంటే వాడే నడుపుతాడు కదా అని. నా బండి తాళాలు నా బామ్మర్ది చేతికి ఇమ్మని నా భార్యే అడిగిన రోజు అది.

మన వయసు వాళ్లకు తెలుసు, కొన్ని మాటలు కొత్తగా వినబడవు, ఎప్పుడో విన్నదాన్నే మళ్లీ వినిపిస్తాయి. నా చేతుల మీద ప్రమాదం జరిగింది నా ఉద్యోగమంతటిలో ఒక్కసారే, అది కూడా నా చేతుల వల్ల జరగలేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఎవరూ అడగకపోయినా రాస్తున్నాను.

నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను, చెబితే అందులో ఇప్పుడున్నవాళ్లు నొచ్చుకుంటారు. అక్కడి జీపు నాది, అంటే నేను నడిపేది. బండ్ల గురించి తెలియని వాళ్ల కోసం చెబుతాను. మనం స్టీరింగు తిప్పితే చక్రం తిరిగేది నడుమ ఉన్న ఇనుప కడ్డీల వల్ల. ఆ కడ్డీ చివర చిన్న గిన్నెలాంటి దాంట్లో ఒక ఇనుప గుండు ఉంటుంది, చుట్టూ గ్రీజు, పైన రబ్బరు టోపీ. ఆ కీలునే టై రాడ్ ఎండ్ అంటారు. ఆ టోపీ చిరిగితే మన పాలమూరు దుమ్మంతా లోపలికి పోతుంది, గుండు అరిగి గిన్నెలో వదులుగా ఆడుతుంది. అప్పుడు చెయ్యి ఒక దారిన తిప్పితే చక్రం ఇంకో దారిన పోతుంది. నిలబడ్డ బండిలో ఇది కంటికి కనిపించదు. ముందు చక్రాలను జాకీతో లేపి, ఒకరు పైన కూర్చుని స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా కదిలిస్తుంటే, ఇంకొకరు కింద ఆ కీలు మీద చెయ్యి పెట్టి పట్టుకోవాలి. దీన్ని నాకు నేర్పింది వనపర్తిలో షెడ్డు నడిపిన ఒక ఉస్తాద్. చూస్తే తెల్వది, పట్టుకుంటే తెలుస్తది అనేవాడు.

జీపులో ఎండ్లు పోయాయని నేను రెండుసార్లు కాగితం రాసిచ్చాను. హెడ్ క్లర్కు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో, దానికి డీజిలు వాసన కొడుతున్నట్టు పట్టుకుని, గాజు బిళ్ల కింద పెట్టాడు. అది అక్కడే ఉండిపోయింది. మూడో వారం ఆఫీసరును ఎక్కించుకుని కోడేరు దిక్కు పోతుంటే ఒక గుంత తగిలి, ఎడమ చక్రం దాని ఇష్టం వచ్చినట్టు తిరిగింది. నేను కుడికి తిప్పిన తిప్పుడు దానికి అందేలోపలే జీపు రోడ్డు దిగి పల్లీ చేనులో నడుమదాకా పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆఫీసరు ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బా మూత ఊడి, పప్పుచారు ఆయన తెల్ల ప్యాంటు మీద పడింది, అంతే.

కలుపు తీస్తున్న వాళ్లంతా వచ్చారు. ఆ చేను గలామె నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది, "ఏంది డ్రైవర్ సాబ్, నా చేను సర్కారు దున్నిపిస్తుందా? దున్నేటోనివి నాగలి గూడ తెచ్చుకోకపోతివి!"

అందరూ నవ్వారు. ఆమె మీద నాకు కోపం లేదు, చేను ఆమెది. కానీ ఆ నవ్వు తన ప్యాంటు దాకా రాకుండా చూసుకోవడానికి ఆఫీసరుకు ఒక మాట కావాల్సి వచ్చింది. అందరి ముందర, గట్టిగా అడిగాడు.

"తాగి వచ్చావా?"

నేను తాగను. మా నాన్న ఈత కల్లు దగ్గరే కూర్చుని కూర్చుని పోయాడు, ఆయన పోయిన నాడే మా అమ్మ ముందు మాటిచ్చాను. పెళ్లిళ్లలో తోటి డ్రైవర్లు నన్ను షర్బత్ సాబ్ అని ఏడిపించేవాళ్లు. అది ఆఫీసరుకూ తెలుసు, ఎందుకంటే ఆయన తాగిన రోజుల్లో ఆయన్ను ఇంటికి చేర్చి, చెప్పులు విప్పి, మంచం దాకా నడిపించింది నేనే.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు ముందర జీపును జాకీ ఎక్కించాను. అటెండరును పిలిచాను. ఒక్క బీడీని ఇద్దరం పంచుకున్న స్నేహం మాది. గోనెసంచి పరిచి కింద పడుకోబెట్టి, కీలు మీద చెయ్యి పెట్టించి, నేను పైన స్టీరింగు కదిలించాను.

"అవ్వ! గిదేంది అన్నా, ఊడే పన్ను లెక్క ఆడుతుంది!" అన్నాడు కిందినుంచి.

అప్పుడే ఆఫీసరు వరండాలోకి వచ్చాడు. వరండాకు మూడు మెట్లు. నేను బండి దిగి చేతులు కట్టుకుని, ఒక్కసారి కిందికి వచ్చి చెయ్యి పెట్టి చూడండి సార్ అన్నాను. ఆయన తన చేతిని చూసుకున్నాడు, బండి కింది నల్లటి గ్రీజును చూశాడు, మెట్టు దిగలేదు. అటెండరును అడిగాడు, ఏమయ్యా, అందులో ఏమైనా ఉందా అని.

అటెండరు లేచి నిలబడ్డాడు. "నాకేమెర్క సార్. బండ్ల సంగతి నాకు తెల్వదు."

అప్పటికి వాడి చెయ్యి మణికట్టు దాకా నల్లగా ఉంది. ఆ నల్ల చేతిని వీపు వెనక దాచుకుని ఆ మాట అన్నాడు. నేను ఎన్నిటినైనా మరచిపోయి ఉండొచ్చు, ఆ చెయ్యి వీపు వెనక్కి పోవడం మరవలేదు. పదేళ్ల తర్వాత ఒక దినాల భోజనాల్లో నా పక్కకు వచ్చి, అన్నా, గప్పుడు పిల్లలు చిన్నోళ్లుండ్రి, నౌకరీ భయం అంటూ నా చెయ్యి పట్టుకోబోయాడు. నాకూ పిల్లలు చిన్నవాళ్లే అని చెప్పి, విస్తరి తీసుకుని ఇంకో వరుసలోకి పోయి కూర్చున్నాను. ఇప్పటికీ వాడు ఎదురైతే రోడ్డు దాటుతాను.

నాకు మెమో ఇచ్చారు. జీపు తీసేసి ఎనిమిది నెలలు గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ ఎనిమిది నెలలూ వచ్చిపోయే ప్రతివాడూ, ఏందన్నా మందు బంద్ చేసినవా అని అడిగి మరీ లోపలికి పోయేవాడు. ఇక మా బామ్మర్ది సంగతి. గద్వాలలో వాళ్ల దగ్గరి పెళ్లిలో నేను మజ్జిగ గ్లాసు ఎత్తితే, బంతి బంతంతా వినేటట్టు, "బావా, జర సూసుకొని తాగు, కుర్చీ గూడ చేన్లకు పోతది!" అన్నాడు. వాడిప్పుడు నా బండి నడుపుతాడట.

నెల తిరక్కుండానే ఇంకో డ్రైవరుతో జీపును వనపర్తి షెడ్డుకు పంపి, చడీచప్పుడు లేకుండా రెండు ఎండ్లూ మార్పించారు. ఉస్తాద్ నాకు కబురు పెట్టాడు. పోతే పేపరులో చుట్టిన ఒక పొట్లం చేతిలో పెట్టాడు. విప్పితే ఆ పాత ఎండ్లు, గుండును వేలితో తోస్తే కటకటమని ఆడుతున్నాయి.

"ఇగో భయ్, నీ మందు సీసాలు," అన్నాడు.

వాటిని తీసుకుపోయి ఆఫీసరు బల్ల మీద పెట్టాను. ఆ చెత్త తీయమన్నాడు. తర్వాత ఆయన బదిలీ మీద పోయాడు. మెమో మాత్రం నా కాగితాల్లోనే ఉండిపోయింది, నాతోపాటే రిటైరయింది. ఆ రెండు ఎండ్లు మా ఇంట్లో పాలపొడి డబ్బాలో ఉన్నాయి.

ఇదంతా ఎవరికి కావాలంటే వాళ్లకు చెప్పాను, ఇంతకుముందు ఎన్నోసార్లు చెప్పాను. చెప్పనిది ఒకటి ఉంది. చేనులోకి పోయిన ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి, వీధి పంపు దగ్గరికి వార్త నాకంటే ముందే చేరింది. మా ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎప్పుడూ గడప దగ్గర నిలబడి ఇచ్చే మనిషి, ఆ రోజు దగ్గరికి వచ్చి, వంగి, నా ముఖం దగ్గర ముఖం పెట్టి ఇచ్చింది. ఆమె ముక్కు కదలడం చూశాను. వాసన చూసింది. నేను నీళ్లు తాగి చెంబు ఇచ్చేశాను. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అందుకే ఆ దుకాణంలో ఆమె నా చేతుల వైపు చూస్తే నాకు అంతగా తగిలింది.

మర్నాడు పొద్దున ఇంటి ముందర కారును జాకీ ఎక్కించి, కింద మొద్దు పెట్టాను. ఎడమ చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఊపితే టక్కు టక్కుమంది. నాకు అది చాలు, కానీ నాకు చాలడం కాదు ఇక్కడ కావాల్సింది. మా ఆవిడను పిలిచి పీట వేసి చక్రం పక్కన కూర్చోబెట్టాను. ఆమె చెయ్యి తీసుకుని కీలు మీద పెట్టాను, రబ్బరు చిరిగి గ్రీజు కారుతోంది. ఆమె గద్వాల మగ్గాల ఇంటి పిల్ల, చిన్నప్పటి నుంచి కండెలు చుట్టిన చేతులు. దారం ఎక్కడ వదులైందో కంటికంటే ముందు ఆ వేళ్లకే తెలుస్తుంది. నేను ఎక్కి కూర్చుని స్టీరింగును కొద్దికొద్దిగా కదిలించాను.

"ఆడుతుంది," అంది ఆమె. "లోపల టకటక కొట్టుకుంటుంది."

నేను ఆపేశాను. ఆమె చెయ్యి తీయలేదు.

"గప్పుడు జీపుల గూడ గిట్లనే ఉండెనా?"

"గిట్లనే. ఇంకా ఎక్కువ."

"గా పొద్దు నీళ్లు తెచ్చిన గద..." అని ఆగిపోయింది.

"తెచ్చినవు," అన్నాను. ముప్పై ఏళ్లు మాట్లాడుకోని దాన్ని అంతకంటే ఎలా మాట్లాడుకుంటారో నాకు తెలియదు.

బజారుకు పోయి కొత్త ఎండ్లు తెచ్చాను, రెండు పక్కలకూ. ఒకటి పోతే రెండోది దాని వెనకే పోతుందని ఉస్తాద్ మాట. పిన్ను లాగి, నట్టు వదులు చేసి, బిగుసుకున్న కీలు చుట్టూ ఉన్న ఇనుమును రెండు సుత్తులతో చెరో పక్క నుంచి కొడితే టప్పున ఊడింది. పాతదాన్ని మర విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పెట్టుకోవాలి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించాలి, లేకపోతే చక్రం వంకర చూస్తుంది. ఆ లెక్క మా ఆవిడ పెట్టింది, పోగులు లెక్కపెట్టినట్టు పెదవులు కదిలిస్తూ. ఎడమకు పదిహేడు, కుడికి పదహారున్నర. అర కూడా వదల్లేదు.

అమరిక మళ్లీ చూపించాలి కనుక మళ్లీ బైపాసుకు పోయాం. వనపర్తిలో వేరే దుకాణం లేక కాదు, కావాలనే అదే దుకాణానికి పోయాను. వాడు అవే పచ్చ అంకెలు చూశాడు, కొంచెం సరిచేశాడు, ఎండ్లు మార్చామంటే పెదవి విరిచాడు.

"అనవసరంగ మార్చుకున్నవు పెద్దాయనా. మొన్ననే చెప్పిన గద, బండిల ఏం లేకుండె."

నేను నోరు తెరిచేలోపల ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. మా ఆవిడ లేచి నిలబడింది. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు.

"మొన్న నువ్వు చెయ్యి పెట్టి చూసినవా బిడ్డా?" అంది. "చెయ్యి పెట్టి చూసినవా, చెప్పు."

వాడు తెర వైపు చూశాడు. గాలి కొట్టేవాళ్లు ఈసారి నవ్వలేదు.

ఆదివారం గద్వాలకు నేనే నడిపాను. బీచుపల్లి వంతెన మీద బండి గీత గీసినట్టు పోయింది. దానితో నా కడుపు చల్లబడిందని ఎవరూ అనుకోవద్దు, మెమో మెమోలాగే ఉంది, అటెండరు అటెండరులాగే ఉన్నాడు. ఒకప్పుడు చెయ్యి నల్లబడుతుందని మనుషులు మెట్టు దిగేవాళ్లు కాదు, ఇప్పుడు దిగాల్సిన పనే లేదని తెర చెబుతుంటే హాయిగా నమ్ముతున్నారు. పాలపొడి డబ్బాలో ఇప్పుడు నాలుగు ఎండ్లు ఉన్నాయి. వాటిని పేపరులో చుట్టుకుని ఉస్తాద్ దగ్గరికి పోవాలనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, షెడ్డు ఉన్నచోట ఫోన్ల దుకాణం పెట్టారు. కొత్తగా చేరిన రెండింటిని చూస్తే, ఇగో భయ్, నీ వణికే చేతులు అనేవాడు, ఆ మాట మా ఆవిడతో అంటే ఆమె నవ్వి, వెంటనే నవ్వు ఆపేసి, చాలాసేపు సబ్బుతో చేతులు కడుక్కుంది.