కాగులో ఉడికిన విత్తనం

పరీధావి సంవత్సరం వైశాఖ బహుళ పంచమి, శనివారం, పొద్దు జామెక్కిన వేళ మా పెరట్లో కాగుల కింద మంట పెట్టాము. సముద్రం అవతల రంగం దేశంలో యుద్ధం చేస్తున్న దొరల దండుకి ఓడలరేవు నుంచి బియ్యం వెళ్ళాలి. పచ్చిబియ్యం ఓడలో పురుగు పడుతుందట, వడ్లు ఉడికించి ఇవ్వమన్నారు. ఇంటింటికీ వంతు వేశారు. ఊరంతా సంతోషంగా ఇచ్చిందని ఇప్పుడు చెప్పుకుంటారు. అబద్ధం. ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని, చూసిందే రాస్తాను.

విత్తనాలు కూడా పట్టుకుపోతారని పుకారు పుట్టింది. మా మామగారు ముందురోజే విత్తనపు వడ్లు, గడ్డి తాడు చుట్టి కట్టిన వడ్ల పురి అడుగున పోసి, గడ్డి పరిచి, పైన తిండి వడ్లు నింపారు. ఏరువాక దగ్గరపడింది. అవి పోతే ఆ ఏడు మాకు పంట లేదు. ఈ సంగతి ఆయనకీ, అత్తగారికీ, నాకూ తప్ప తెలియదు. తెల్లారగానే ఆయన్ని బండితో సహా రేవుకి తోలుకుపోయారు.

తాలూకా బంట్రోతు దగ్గరుండి పురి విప్పించాడు. వడ్లు తగ్గేకొద్దీ అత్తగారు గంపలు వెలితిగా నింపసాగారు.

"గంప నిండదేంటమ్మా? దండు ఉపవాసం ఉంటాదనుకున్నారా?"

"నడుం పట్టేసిందండీ."

చివరికి గడ్డి తగిలింది. అతను కర్రతో పొడిచాడు. కింద గింజలు.

"ఇయ్యేంటి? విత్తనాలా?"

దాచారని తేలితే మామగారిని కట్టి తీసుకుపోతారని అత్తగారి భయం. పైగా చల్లేదాకా విత్తనం ఊసు పరాయివాళ్ళ ముందు ఎత్తకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు.

"కాదండీ. తిండిగింజలేనండీ."

"నిజవేనా?"

"ఆయ్, నిజవేనండీ. చెమ్మ తగలకుండా గడ్డేసేం."

"అయితే పొయ్యండి. ఎండుండగానే ఆరాలి."

నేను ఆమె మొహం కేసి చూశాను. పొయ్యమన్నట్టు గడ్డం ఎగరేశారు. పోశాను. గింజ నోరు విచ్చేదాకా ఉడికించాము.

మజ్జిగ తాగుతూ బంట్రోతు అన్నాడు: "విత్తనం జోలికెళ్ళొద్దని మాకు హుకుమమ్మా. అందుకే రెండుసార్లడిగేను."

అత్తగారు మజ్జిగ చెంబు కింద పెట్టి, కాగు దగ్గరికి వెళ్ళి మూత ఎత్తి చూశారు.

సాయంత్రం మామగారు వచ్చి, చాప మీంచి గింజ తీసి కొరికారు.

"ఎవరు పొయ్యమన్నారు?"

"నేనే," అన్నారు అత్తగారు.

ఆయన ఆ గింజ నమిలి మింగారు. ఎవరినడిగినా విత్తనం మిగులు లేదన్నారు. ఆ ఏడు మా చేలో తుంగ మొలిచింది. మేము ఊరివాళ్ళ చేలల్లో కూలికి వరినాట్లు ఊడ్చాము.

ఎవరు చూశారని అడిగేవాళ్ళ కోసం రాస్తున్నాను: ఆ పూట పెరట్లో ఉన్నది అత్తగారు, నేను, గంపలు మోసిన ఎదురింటి తోడికోడళ్ళిద్దరు, కర్ర పట్టుకుని బంట్రోతు. మామగారు లేరు. ఆయనా, ఎడ్లూ ఆ దండు బస్తాలే మోస్తున్నారు.