పైపుకు ఒడిబియ్యం

ఆవిరి పైపులకు బొంతలు కుట్టడం నేర్పే ఉద్యోగం నాది. నవ్వకండి. ఫ్యాక్టరీల్లో పైపులకూ వాల్వులకూ వేడి బయటికి పోకుండా తొడుగులు కడతారు. గాజునారతో నేసిన రెండు గుడ్డల నడుమ రాతిదూది పరిచి, సన్నటి స్టీలు తీగతో కుట్టాలి. అసలే నాకు ఓపిక తక్కువ. అలాంటి నన్ను సిద్దిపేటలో ఒక కిరాయి షెడ్డులో, నంగునూరు దిక్కు నుంచి ఆటోల్లో వచ్చే పన్నెండు మంది ఆడవాళ్ళ ముందు నిలబెట్టారు.

మొదటి రోజే తంటా. రాయిని కరిగించి ఈ దూది చేస్తారని చెప్పాను. వాళ్ళలో పెద్దావిడ, ఊరందరికీ బొంతలు కుట్టిన మనిషి, ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాయి దూదయితే మా ఊరి గుట్ట ఎప్పుడో గాలికి కొట్టుకపోయేది మేడం" అంది.

షెడ్డంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె కుట్టిన వరస చూశాక నోరు మూసుకున్నాను. నా వరసకంటే తిన్నగా ఉంది.

అంతా మొదటి తొడుగు మీదే ఆధారపడింది. ఒక ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని వాల్వుకు కట్టి చూస్తారు. నచ్చితే పన్నెండు మందికీ ఏడాదంతా నీడపట్టున పని. లేకుంటే షెడ్డు మూత, మళ్ళీ ఎండలో కలుపు. పెద్దావిడకు మోకాళ్ళు వంగవు. "ఇగ నాతోని కలుపు తీసుడు కాదు మేడం, గీ పనే దిక్కు" అని ఒకసారి నాతో అంది.

తొడుగు పంపిన మర్నాడు ఇంజనీరు ఫోను చేశాడు. "మేడం, మీ తొడుగు నుంచి బువ్వ మాడిన వాసన వస్తుంది. జల్ది రండి."

పెద్దావిడను వెంటబెట్టుకొని ఉరికాను. వాల్వు చుట్టూ నలుగురు మంటలార్పే సిలిండర్లు పట్టుకొని నిలబడ్డారు. వాసన ఎక్కడిదో తెలియక ముందు క్యాంటీన్ వంటాయన్ను తిట్టారట. ఆయన అలిగి పొయ్యి ఆర్పేసి కూర్చున్నాడు.

పెద్దావిడ మెల్లగా నా కొంగు లాగింది. "బియ్యం మేడం."

"ఏం బియ్యం?"

"ఒడిబియ్యం."

ఆడపిల్లను పుట్టింటి నుంచి పంపేటప్పుడు ఒడిలో పోసే పసుపుబియ్యం!

"మన చేతుల పుట్టింది గద, ఉత్త ఒడితోని ఎట్ల పంపుత?" అంది. "పుట్టింటి దిక్కు అని పైగుడ్డ కింద పిడికెడు, అత్తింటి దిక్కు అని లోపలిగుడ్డ కింద పిడికెడు పోసిన."

"పైపుకు ఒడిబియ్యమేందవ్వా! అందరి నోట్ల మన్ను కొట్టినవ్ గదా!" అని అరిచాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నా కోపం తగ్గలేదు.

ఇంజనీరు తొడుగు విప్పించి కత్తితో కోశాడు. వాల్వుకు ఆనిన వైపు బియ్యం బొగ్గయ్యాయి. బయటి వైపు బియ్యానికి పసుపు రంగు కూడా మారలేదు. ఆయన ఒక గింజను గోటితో నొక్కి చూశాడు.

"పచ్చిగనే ఉన్నయి" అన్నాడు. "వేడి బయటికి రాలేదని గింత సాఫ్‌గ ఏ మీటరూ చూపియ్యదు మేడం."

పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. "అత్తింటి దిక్కువే మాడినయి సారూ. యాడన్న గంతే."

పని దొరికింది. ఒప్పందంలో మాత్రం ఒక షరతు రాయించారు: తొడుగుల్లో తిండిగింజలు ఉండరాదు. ఆనాటి నుంచి ప్రతి తొడుగునూ పోలీసులా తడిమి చూసేదాన్ని. రెండుసార్లు పసుపుకొమ్ములు దొరికాయి. "గింజలు గావు గద మేడం" అన్నారు. ఏం చెప్పి చావను!

శిక్షణ ముగిసి నన్ను వేరే ఊరికి వేశారు. నేను బ్యాగు సర్దుకుంటుంటే అయిదుగురు వచ్చి చుట్టుముట్టి, పీట వేసి కూర్చోబెట్టారు. అమ్మ పోయాక నాకు ఒడిబియ్యం పోసినవాళ్ళు లేరు. పెద్దావిడ వంగని మోకాళ్ళతోనే నా ముందు కూలబడి, దోసిళ్ళతో పోసింది. అలవాటు చొప్పున నా చేతులు ఒడిలో గింజలను తడిమాయి. ఏడ్చాను, దాచడమెందుకు.

ఆమె నా కొంగు ముడి వేసింది.

"వండుకొని తిను బిడ్డా" అంది. "పైపుకు కట్టకు."