మావయ్యగారు చేత్తో తూచిన పవర్ సప్లై

పాఠక మహాశయులు నన్ను క్షమించాలి. తల వంచుకుని నిలబడే అలవాటు నాకు లేదు. చావింట్లో కూడా నవ్వు ఆపుకుంటున్నట్టుండే మొహం నాది. వాక్యాలు వంకరగా వస్తే క్షమించండి, కన్నీళ్లు తక్కువైతే క్షమించండి, మధ్యలో జోకు తగిలితే మరీ మరీ క్షమించండి. డిగ్రీ చదివినవాణ్ణి కనుక అంతకు మించిన తప్పు చేసి ఉండనని మనవి. సంగతేమిటంటే, అల్లవరం దగ్గర మా ఊళ్లో, మా పక్కింటి టీవీ మెకానిక్ మావయ్యగారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. టీ చల్లారిందని అత్తయ్యగారితో చెప్పి, ఆవిడ వెచ్చబెట్టి తెచ్చేలోపల, కుర్చీలోనే.

మాకు చుట్టరికం లేదు. ఊరందరికీ ఆయన మావయ్యగారే. నన్ను మాత్రం "అల్లుడుగారూ" అనేవారు. ఆయనకు ఇద్దరూ కొడుకులే కాబట్టి ఆ పిలుపుతో ప్రమాదమేమీ లేదు.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా, విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటరు బిగిస్తానని ప్రకటించాను. ఊళ్లో అదే మొదటిది. ప్రాసెసరు, హార్డ్ డిస్కు, పెద్ద మానిటరు అన్నీ చీటీ మీద రాసి, అట్టడుగున చిన్నక్షరాలతో పవర్ సప్లై అని చేర్చాను. గోడలోంచి వచ్చే కరెంటుని మార్చి లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనప డబ్బా అది. మావయ్యగారు చీటీ చూసి కళ్లజోడు తీసేశారు.

"అందరికీ వడ్డించేవాణ్ణి ఆఖర్న పిలుస్తారేంటండీ అల్లుడుగారూ?"

చీటీ తిరగేసి, ఏ భాగం ఎంత కరెంటు తింటుందో ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. అంతా కూడి, దాని మీద ఇంకో మూడోవంతు కలిపారు.

"అంతెందుకండీ?" అన్నాను.

"పెళ్లికి లెక్కెట్టి వండుతామా అండీ?"

తర్వాత వారం రోజులు మూడు పూటలా మీటరు పట్టుకుని మా ఇంటికొచ్చారు. పొద్దున్న రెండొందల ముప్ఫై వోల్టులు. సాయంత్రం రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరగడం మొదలయ్యాక నూట ముప్ఫై. "ఎలా ఉందండీ ఇవాళ?" అని మా అమ్మ అడిగేది, ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు.

అమలాపురంలో కొట్టుకి వెళ్లాక ఆయన డబ్బాల్ని ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నాలుగొందల వాట్లని మెరిసే అక్షరాలతో ఉన్నదాన్ని పక్కకి నెట్టేశారు. మూడొందలని రాసున్న బూడిదరంగు డబ్బా దగ్గర ఆగారు. కొట్టాయన నవ్వాడు.

"కొబ్బరికాయలు కాదండీ బాబూ అవి!"

"ఆయ్. కాయైతే ఊపితే చప్పుడవ్వాలండి. ఇది కాకూడదండి. మీ నాలుగొందలూ అట్ట మీదున్నాయండి. లోపల రాగీ ఇనుమూ లేకపోతే బరువెక్కడ్నించొస్తదండి?"

బూడిదరంగుదే కొన్నాం. బిగించాక ఒక్కటే షరతు పెట్టారు. "సాయంత్రాలు దీని జోలికెళ్లకండి. స్టెబిలైజరు నేనే చుట్టిస్తాను. పది రోజులు ఓపిక పట్టండి."

నాలుగో రోజు సాయంత్రం అది పేలింది. నా క్లాసు మిత్రులు ముగ్గురు చూడ్డానికి వచ్చారు. పది నిమిషాలు దర్జాగా నడిచింది. ఇంతలో చెరువుల దగ్గర ఫ్యూజు పోయి ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి, వోల్టేజీ ఎగిరి మా ఇంట్లో బల్బు భగ్గుమంది, డబ్బా ఢామ్మంది. మిత్రులు వాకిట్లోకి పరిగెత్తారు. మదర్‌బోర్డూ హార్డ్ డిస్కూ కూడా దాంతోపాటే పోయాయి.

మావయ్యగారు మూత విప్పి చాలాసేపు చూశారు.

"వోల్టేజీ తగ్గితే ఆగిపోవాలి గానీ పేలకూడదండి. రెండొందల ముప్ఫై దీనికి రోజూ తినే తిండేనండి."

"మీ చేతి మీద నమ్మకంతోనే కదండీ కొన్నాం," అన్నారు నాన్నగారు.

"ఆయ్. నా చెయ్యే తప్పు తూచిందండి."

మర్నాడు బస్సులో నేను దానికి 'మావయ్యగారి బాంబు' అని పేరు పెట్టాను. వారంలో ఆ పేరు అమలాపురం చేరింది. నా జోకుల్లో అంత దూరం వెళ్లింది అదొక్కటే. ఆ తర్వాత ఎవరైనా ఏ డబ్బా కొనాలని అడగడానికొస్తే, "కొట్టాయన్నే అడగండి, ఆయనకి తెలుస్తదండి," అనేవారు. ఒకసారి ఎవరో బలవంతాన చేతిలో పెడితే, వేడి గిన్నె పట్టుకున్నట్టు వెంటనే దింపేశారు. క్రమంగా పాత రేడియోలకే పరిమితమైపోయారు.

నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్ష. ఇవాళ ఆఫీసుకి కంప్యూటర్లు కొనేది నేనే. డబ్బా చేతిలో పెట్టుకుంటాను, కళ్లు మూసుకుంటాను, బరువు చూస్తాను. ఆయన లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆ మాట వినిపించడానికి ఇక మనిషి లేడు.

నిన్న అత్తయ్యగారు ఆయన బల్ల సర్దుతూ నన్ను పిలిచారు. ప్రతి వస్తువుకీ దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది: ఎవరిది, ఏం పోయింది, ఎందుకు పోయింది. ఆరేళ్ల తర్వాత కూడా మా డబ్బా ఆ బల్ల మీదే ఉంది, మూత విప్పి. మా నాన్నగారి పేరు. 'కెపాసిటర్లు పేలినవి.' ఎందుకు అన్న చోట ఏదో రాసి కొట్టేశారు, మళ్లీ రాసి కొట్టేశారు, ఇక చోటు లేక అట్ట తిప్పి వెనకవైపు కూడా రాసి కొట్టేశారు.

"ఆదివారం వచ్చిందంటే దీని ముందే కూచునేవోరు బాబూ. ఎందుకు పోయిందో మీకేమైనా తెలుసా?"

"తెలీదండీ అత్తయ్యగారూ."

ఆ డబ్బా వెనక గుంటలో చిన్న ఎర్ర మీట ఉంటుంది. ఒక పక్క 230. రెండో పక్క 115, ఇళ్లకి తక్కువ వోల్టేజీ ఇచ్చే దేశాల కోసం; అటుంటే 230 తట్టుకోలేదు. ఆ సాయంత్రం నూట ముప్ఫైకి మిషను లేవలేదు, మిత్రులొచ్చే వేళయింది. డిగ్రీ బుర్ర ఉపయోగించి, వాళ్లు రాకముందే దాన్ని 115 వైపు జరిపాను. అది ఒట్టి తెలివితక్కువతనం, చెబితే ఆయన నవ్వి ఊరుకునేవారు. నేను చేసిన తప్పు అది కాదు. గదినిండా పొగ, పక్కింట్లోంచి ఆయన పరిగెత్తుకొస్తున్న చెప్పుల చప్పుడు. ఆయన మా మెట్లెక్కేలోపల, బాల్‌పెన్ను మొనతో ఆ మీటని మళ్లీ 230 వైపు జరిపేశాను.