గోంగూరలో తీయని తరుగు

1999 శ్రావణ మాసం. జగ్గయ్యపేటలో పెళ్ళి వంటల మేస్త్రీగా నాకు అప్పటికే మంచి పేరుంది. నందిగామలో ఒక షావుకారు గారి పెద్దమ్మాయి పెళ్ళికి వంట ఒప్పుకున్నా. మిగతావి ఎలా ఉన్నా గోంగూర పచ్చడి మాత్రం నా చేత్తోనే కలపాలని ఆయన షరతు.

అప్పటిదాకా మేం ఆకుని తూచేవాళ్ళం కాదు. వలిచిన గోంగూరని అదమకుండా తట్టలో పోసి, తట్టకి ఇన్ని గిద్దెల ఉప్పు, ఇన్ని గిద్దెల కారం అని కొలిచి వేసేవాళ్ళం. షావుకారు గారికి అది నచ్చలేదు.

"తట్టలూ గిద్దెలూ నా కొట్లో ఉండవు మేస్త్రీ. కిలోల్లో చెప్పు."

"అదెంత పనండీ," అన్నా.

ఇంటికెళ్ళి తట్టెడు ఆకు కాటా మీద పెడితే రెండు కిలోలు తూగింది. ఆ పెళ్ళికి కావలసిన పన్నెండు తట్టలకి ఇరవై నాలుగు కిలోలు. ఉప్పూ కారం కూడా దానికి తగ్గట్టు తూచి ఉంచమన్నా. ఇక తట్టతో పనేముందని దాన్ని ఇంట్లోనే వదిలేశా.

గోంగూర తెచ్చింది పెనుగంచిప్రోలు మరియమ్మ. మున్నేటి పక్క చేలల్లో ఆకు కోయించి పెళ్ళిళ్ళకి అందించేది. కట్టలు వాడిపోకుండా నీళ్ళు చల్లి, ఆటోలో తెచ్చి, సరిగ్గా ఇరవై నాలుగు కిలోలు తూచి ఇచ్చింది.

పెళ్ళిరోజు పొద్దున్నే పచ్చడి కలిపి నాలుక మీద వేసుకుంటే ఉప్పు కషాయం. షావుకారు గారూ రుచి చూసి మొహం చిట్లించారు.

"ఏంటిది మేస్త్రీ?"

నా నోటికి ముందొచ్చిన మాట అనేశా. "ముదురాకండి. ఉప్పు పీల్చుకోలేదు."

మరియమ్మ అక్కడే ఖాళీ గోనెలు మడత పెడుతోంది. "ముదురాకంటండీ? ఒకటి నమిలి చూడండి మేస్త్రి గారూ," అంది. నేను నమల్లేదు.

ఆమె అటు వెళ్ళాక, వలిచి పారేసిన కాడల గుట్ట చూశా. తీసి తూచా. ఆకు కొన్న తూకంలో దాదాపు సగం ఆ కాడలూ, చల్లిన నీళ్ళే. వ్యాపారస్తులు కాడలతో కలిపి తూచినదాన్ని గ్రాస్ వెయిట్ అంటారు, తరుగు తీసేశాక మిగిలేది నెట్ వెయిట్. నేను ఇంట్లో తూచింది నెట్, ఇక్కడ కొనిపించింది గ్రాస్. ఉప్పేమో మొత్తానికీ పడింది.

తప్పు తెలిశాక దారీ కనబడింది. ఉప్పు లేకుండా అంతే ఆకు వేయించి కలిపితే సరిపోతుంది. ఆ ఆకు తేగలిగింది మరియమ్మ ఒక్కతే. అడిగా. మడత పెట్టిన గోనెలు చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. తలంబ్రాల వేళకి కట్టలతో దిగింది. నలుగురం వలిచి, తుడిచి, వేయించి కలిపాం. ఆ పూట ఆ పచ్చడి మూడోసారి అడగని పంక్తి లేదు. చెడిన వంటని నిలబెట్టుకున్న మేస్త్రీగా ఈనాటికీ నాకది గర్వమే.

కానీ నేనన్న మాట నందిగామలోనే ఉండిపోయింది. "ఆవిడది ముదురాకట" అని పెళ్ళివాళ్ళు ఆమెని పిలవడం మానేశారు. నాకు తెలుసు. నోరు విప్పలేదు.

కొన్నేళ్ళకి షావుకారు గారి రెండో అమ్మాయి పెళ్ళి కుదిరింది. "ఆకు మరియమ్మే ఇవ్వాలండీ," అని జరిగింది చెప్పా.

ఆయన చేతిలో పద్దుల పుస్తకం మూసేశారు. "పత్తి మీద, మిరప మీద తరుగు తీసి బతికేవాణ్ణి. గోంగూరకి నాకూ తట్టలేదే," అన్నారు. "ఆమెకి నువ్వే చెప్పుకో."

పెనుగంచిప్రోలు వెళ్ళి చెప్పుకున్నా. విన్నది, సరేనంది, అంతే.

ఇప్పటికీ నా దగ్గర ఏ ఆకైనా వలిచి, తడి ఆరాకే కాటా ఎక్కుతుంది. ఆ రోజు ఆకులో తీయాల్సిన తరుగు నేను ఒక మనిషి పేరులో తీశానని నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి చెప్తుంటా.

రెండో పెళ్ళినాడు మరియమ్మ ఆటో దిగి, లేత గోంగూర కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది.

"ముదురాకు తెచ్చానండి. ఈసారైనా నమిలి చూడండి."

అందరి ముందూ నమిలా.