తడిగుడ్డ కప్పిన లిథియం పొడి

ఒట్టు. మా ల్యాబులోని కొలిమి మీద చెయ్యి పెట్టి, అదీ అది వేడిగా ఉన్నప్పుడే పెట్టి చెప్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. గద్వాలలో నన్నెరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారు. నవ్వనీయండి.

నేను వనపర్తిలో ఒక కాలేజీ రసాయనశాస్త్రం ల్యాబులో అటెండరును. అంతకుముందు పదేళ్లు గద్వాలలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి చీరలు నేశాను. మా వీధి నేతగాడి బిడ్డ పరిశోధన కోసం మా ల్యాబులో చేరిన రోజే నన్ను మామా అని పిలిచింది. వాళ్ల నాయన నాకు వరసకు బావ.

ఆ పిల్ల బిజినేపల్లి రైస్ మిల్లు నుంచి వడ్ల పొట్టు తెప్పించి, తెల్లటి బూడిద అయ్యేదాకా కాల్చేది. అందులో లిథియం ఉప్పు కలిపి మళ్లీ కాల్చేది. పింగాణీ జాతి పొడి ఒకటి తయారయ్యేది. దాన్ని ఆరువందల డిగ్రీల వేడిలో ఉంచి కార్బన్ డయాక్సైడ్ పంపితే, ఆ వాయువును పట్టుకుని బరువెక్కుతుంది. వేడి ఇంకా పెంచి ఉత్త నైట్రోజన్ పంపితే, పట్టుకున్నదంతా వదిలేసి మళ్లీ మొదటిలాగే అవుతుంది. ఫ్యాక్టరీ పొగగొట్టాల్లో పెడితే ఎంత మేలో చూడండి.

"మంటల పెడితే ఏదైనా చిక్కిపోతది గానీ, ఇదేంది బిడ్డా బలుస్తది?" అన్నాను.

"నీ అసొంటిదే మామా. వేడి వేడి ముచ్చట దొరికితే ఇడ్వదు."

ఆ ఏప్రిల్‌లో ముగ్గురు బయటి ప్రొఫెసర్లు వచ్చి పొడి పనితనం కళ్లారా చూస్తామన్నారు. వాళ్లు సరేనంటేనే ఆమె థీసిస్ కదిలేది. లిథియం సీసా ఖాళీ. కొత్తది రావాలంటే నెలలు పడుతుంది, అప్పటికి గడువు దాటుతుంది. మిగిలింది పళ్లెంలో చారెడు పొడి. పొద్దున దాన్ని కొలిమిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"మామా, చల్లారంగనే గాజుడబ్బల పెట్టి మూత బిగించు. సార్లను తోల్కొస్త" అని బస్టాండుకు వెళ్లింది.

నేను అలా చాయ్ తాగడానికి పోయాను. అప్పుడే బావ బిడ్డకు అన్నం డబ్బా పట్టుకుని గద్వాల నుంచి దిగాడు. ల్యాబులో ఎవరూ లేరు. కిటికీలోంచి వడగాలి. ఎండాకాలం నేతవాళ్లకు ఒకటే బెంగ, దారం ఎండి పుటుక్కున తెగుతుందని. మగ్గం దిగేటప్పుడు పడుగు దారాల మీద తడిగుడ్డ కప్పందే మా చేతులు ఊరుకోవు. బావ తువ్వాలు తడిపి, పిండి, పళ్లెం మీద కప్పాడు.

నేను చాయ్ తాగి వచ్చాను. పిల్ల సార్లను మా విభాగం పెద్దసారు గదిలో కూర్చోబెట్టి వచ్చి గుడ్డ ఎత్తింది. పొడి తూచింది. బరువు పెరిగి ఉంది. తేమ తగిలితే ఆ పొడి మామూలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పట్టేసుకుంటుందట. కడుపు నిండినదానికి సార్ల ముందు ఏం తినిపిస్తుంది?

"ఎవరు కప్పిండ్రిది?" అంది.

"నేనే బిడ్డా" అన్నాడు బావ. "ఎండిపోతదని..."

"ఎండాల్నే నాయనా! ఎండితేనే కదనే!" స్టూలు మీద కూలబడింది.

బావ అన్నం డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె ఆయన ముఖం చూసింది, తర్వాత పళ్లెం చూసింది. కళ్లు తుడుచుకుంది.

"మామా, వేడి ఎక్కిస్తే కక్కుతది కద? మూడేండ్ల సంది నేను జెప్తున్నదే అది కద? రెండు గంటలు పడ్తది. సార్లను ఆపుతవా?"

"అది గూడ అడుగుతరా?"

పెద్దసారు గదిలో ముగ్గురికీ మంచినీళ్లిచ్చి మొదలుపెట్టాను. ఎండాకాలం మా తాత మల్దకల్‌కు నడిచిపోతుంటే, ఆయన నీడ దారిలో వేపచెట్టు కింద కూలబడి, "నువ్వు పోయిరా, నేనీడనే ఉంట" అందని చెప్పాను. అది ఇల్లు చేరేసరికి శ్రావణం వచ్చిందన్నాను. ఒక సారు నవ్వి నవ్వి చొక్కా మీద నీళ్లు పోసుకున్నాడు. రెండు గంటలు తెలియకుండా గడిచాయి.

ల్యాబులో కొలిమి తాపం ఎక్కి, పొడి మింగినదంతా వదిలి, ఆరువందలకు దిగింది. సార్ల ఎదుటే పిల్ల కార్బన్ డయాక్సైడ్ విప్పింది. కంప్యూటర్ మీద బరువు గీత కాసేపు పడుకునే ఉంది. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. గీత తల ఎత్తింది. ఎక్కింది, ఎక్కుతూనే పోయింది. సార్లు తలలూపారు.

"నాయనా, అన్నం పెట్టు, ఆకలైతుంది" అంది పిల్ల.

ఇక ఒప్పుకోవాలి. తాత నీడ సంగతి నిజం. నేను కల్పించింది ఆ చాయ్, దాని వెంట బావ తడిపిన తువ్వాలు, అంతే. ఆరోజు నేనెక్కడికీ పోలేదు. తువ్వాలు నాది, తడిపిన చెయ్యి నాది. పదేళ్ల మగ్గం అలవాటు, మూత బిగించమన్న మాట మరచి గుడ్డ కప్పాను. బావ గుమ్మంలో అడుగుపెట్టేసరికి నా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. పిల్ల అడిగినప్పుడు నా నోరు పెగల్లేదు, ఆయన నోరు పెగిలింది.

మెట్ల మీద అడిగాను, ఎందుకట్లా అన్నావని.

"బిడ్డ నా మీద అల్గితే ఆ అలుక అన్నం ముద్దకాడ పోతది బావా. నీ మీద అల్గితే రేపటి సంది ఆ కొలిమికాడ ఎవరున్నరు దానికి?"

ఈ కథ తిమ్మాజిపేట దాకా చాయ్‌తో సహా చెప్పుకు తిరిగాను. బిడ్డా, ఆ తడిగుడ్డ నాది.