ఆంటీ నేర్చుకున్న ‘వద్దు’

మొన్న సాగర్ రోడ్డులో చేపల తొట్లు అమ్మే దుకాణం ముందు బస్సు కోసం నిలబడితే, తడి ఉప్పు వాసన గుప్పున కొట్టింది. ఇబ్రహీంపట్నంలో ఆ వాసన నాకు ఒక్క ఇంట్లోనే తెలుసు, మా పక్కింటి రాజ్యలక్ష్మి ఆంటీ ఇంట్లో. కాకినాడ వదిలి వచ్చాక ఆవిడకు సముద్రం మీద బెంగ తీరలేదు. అందుకే హాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టి, రెండు నారింజరంగు చేపలనూ, పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి పగడాలనూ ప్రాణంగా పెంచుకునేది.

ఆంటీ ఇంటికి వెళ్ళి తినకుండా బయటపడటం ఎవరి తరమూ కాదు. "ఇంకొక్క గారె వేసుకోవే, చిక్కిపోయావు" అంటూ వెంటపడేది. ఆ మర్యాద చేపలకూ జరిగేది. వచ్చిన ప్రతివాళ్ళ చేతా తొట్టిలో ఇంత మేత వేయించేది. ఇంకేముంది! తినగా మిగిలింది అడుగున కుళ్ళి, నీళ్ళలో నైట్రేటు పెరిగిపోయింది. ఆ నీళ్ళు పరీక్ష గొట్టంలో పోసి మందుచుక్కలు వేస్తే లేత గులాబీ రావలసింది, ఎర్రగా వచ్చేది. ఆవిడ నీళ్ళు మార్చింది, ఫిల్టరు స్పాంజి కడిగింది. వారం తిరక్కుండా మళ్ళీ ఎరుపే. పగడాలు ముడుచుకుపోయాయి, ఒకటి చచ్చిపోయింది కూడా. "నా చేతుల్లోనే పోతున్నాయే" అని ఆంటీ ఏడ్చేసింది.

ఆ రోజుల్లోనే యాచారం నుంచి మా బాపు కూతుర్ని చూసిపోదామని వచ్చాడు. ఆంటీ ఇంట్లో కడుపునిండా తిని, అలవాటుగా మేత డబ్బా అందుకుని గుప్పిట నింపాడు. ఆంటీ ఆ గుప్పిటనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దన్నయ్యగారూ!"

ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదలు. బాపు మొహం చిన్నబోయింది.

"మాకేమో కొసరి కొసరి పెడ్తివి. గా చాపలేం పాపం జేసినయమ్మా?"

"పెట్టి పెట్టే చంపుతున్నానండీ వీటిని. ఇవాళే అర్థమైంది" అంది ఆవిడ.

బాపు డబ్బా మూత పెట్టి, "ఫికర్ జెయ్యకు. యూరియా ఎక్కువైతె మా వరి గూడ గట్లనే పడిపోతది" అన్నాడు.

అప్పటినుంచి రోజుకొక్కసారి, చిటికెడే, అదీ ఆవిడ చేత్తోనే. చేపలు అద్దం దగ్గరికొచ్చి నోళ్ళు తెరిస్తే, పాపం, చూడలేక వంటింట్లోకి పారిపోయేది. నేను నవ్వితే కసురుకునేది. నెలలు పట్టింది గానీ గొట్టంలో ఎరుపు తగ్గింది, మిగిలిన పగడాలు విచ్చుకున్నాయి. మనుషులకు మాత్రం గారెలు తగ్గలేదు.

ఆంటీ ఇప్పుడు లేదు. బాపు నా దగ్గరే ఉంటున్నాడు, ఒంటి నిండా షుగర్. నిన్న పాయసం గిన్నె దగ్గరికి లాక్కోబోతుంటే పట్టుకున్నాను.

"జరంత ఎయ్యరాదు బిడ్డా."

"వద్దు బాపూ."

అలిగి మొహం తిప్పుకున్నాడు. అటు తిరిగే గొణిగాడు.

"నువ్వు గూడ గామె లెక్కనే తయారైనవ్."

ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె మాత్రం వదల్లేదు.