నురగ రాని సీకాయ

బట్టతల పెట్టుకొని సీకాయపొడి వ్యాపారంలో దిగిన మొనగాణ్ణి గుడియాత్తం మొత్తానికి నేనొక్కణ్ణే. అంగడివాళ్ల ఇంట్లో పుట్టిన గట్టి బేరగాణ్ణి. అయినా మా అత్త నా అరచెయ్యి పట్టుకోగానే పడిపోయాను.

ఆమె ఎవరికీ ముందు ధర చెప్పేది కాదు. వాళ్ల చేతిలో చిటికెడు పొడి వేసి, నీళ్లు చిలకరించి, గాజులు గలగలమంటుండగా రుద్ది కడిగేది. "ఇప్పుడు వాసన చూడు నాయనా" అనేది. ఆ గాజులు కుదువపెట్టి, నా డబ్బు కలిపి, పొడి ఆడే మిషను కొన్నాం.

వేలూరులో పెద్ద అంగడాయన చెయ్యి కూడా కడిగింది. ఆయన తుడుచుకొంటూ, "వాసన బాగుండాదమ్మా. నురగ యాడ?" అన్నాడు.

"నురగ సోపుకొస్తాది అప్పా. ఇది కొండ కాయ."

"కొంచెం సోపుపొడి కలుపు. ఎవురికి తెలుస్తాది?"

"నా చేతికి తెలుస్తాది."

తిరుగు బస్సులో నేనూ బతిమాలాను. "కలుపుదాం అత్తా, గాజులన్నా ఇడిపించుకోవచ్చు." ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఏ అంగడీ మా సరుకు తీసుకోలేదు.

మూసేసిన రోజు మిగిలిన పొడిలో సగం నాకిచ్చి, అలవాటుగా నా చెయ్యి కడిగింది. గలగల లేదు.

ఉన్నదున్నట్టు లెక్క చెబుతాను. మిషను పాత ఇనుముకు పోయింది, నా డబ్బు దాంతోనే పోయింది. అత్త గాజులు వేలానికి పోయాయి. నా వాటాకు ఒక సంచి సీకాయ వచ్చింది. తల మాత్రం అదే తల.